రెండు కళ్ళూ తెరిచి చూసుకుంటే తెలిసేదేమీ లేదు

"నాకు బాగానే కనిపిస్తోంది" అని రెండు కళ్ళూ తెరుచుకుని అనుకోవడం కంటి పరీక్ష కాదు. ఒక కన్ను సగం పాడైనా రెండోది దాని పని కూడా చేసేస్తుంది, మనకు తేడా తెలియనివ్వదు. కన్ను దెబ్బతిందని చాలామందికి తెలిసేది మంచి కంట్లో నలుసు పడ్డప్పుడే. మా గుంటూర్లో దానికి ఒక సీజను కూడా ఉంది. జనవరి దాటాక మిర్చి యార్డు వైపు బండి మీద వెళ్తే ఘాటుకు కళ్ళు నీళ్ళు కారి, ఏదో ఒక కన్ను మూసుకుపోతుంది. మూసుకుపోయింది మంచి కన్నయితే ఎదురొచ్చే లారీ మసగ్గా కనపడుతుంది. అలా బయటపడ్డ శుక్లాల కథలు ఈ ఊళ్ళో కావలసినన్ని వినొచ్చు.

ఇంట్లో కళ్ళు పరీక్ష చేసుకోవాలా అన్నదాని మీద రెండు వాదనలు వింటుంటాను. ఒకటి, "మీకెందుకండీ సొంత వైద్యం, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళండి" అనేది. మంచి మాటే. కానీ ఏ నొప్పీ లేనివాడు పని మానుకుని కంటి ఆస్పత్రిలో సగం రోజు ఎందుకు కూర్చుంటాడు? వాణ్ణి కదిలించేది ఏదో ఒకటి ఉండాలి కదా. రెండోది, "ఫోన్లోనే అన్నీ చూసుకోవచ్చు, ఆస్పత్రికెందుకు" అనేది. ఇది మొదటిదానికన్నా ప్రమాదం. నా మాట ఈ రెంటికీ మధ్యది కాదు, వేరేది. ఇంట్లో పరీక్ష చేసుకోవాల్సిందే. కాకపోతే దానికి "డాక్టరు దగ్గరికి పో" అని చెప్పే అధికారం మాత్రమే ఉంది. "పోనక్కర్లేదు" అని చెప్పే అధికారం లేదు. తేడా కనిపిస్తే నమ్మాలి. బాగుందనిపిస్తే ఆ బాగుకు పెద్ద విలువ ఇవ్వకూడదు.

ముందు చేసుకోవడం ఎలాగో చూద్దాం. అందరిళ్ళలోనూ గోడకు తెలుగు క్యాలెండరు ఉంటుంది. తేదీ పెద్దక్షరాల్లో, దాని కింద తిథి, నక్షత్రం, అవి ఎన్నింటివరకు ఉన్నాయో సన్నక్షరాల్లో ఉంటాయి. ఇంతకన్నా మంచి పటం కొనక్కర్లేదు. వెలుతురు బాగా ఉన్నప్పుడు, దూరపు చూపుకు జోడు వాడేవాళ్ళు అది పెట్టుకునే, క్యాలెండరుకు ఎదురుగా నిలబడాలి. ఎడమ కన్నును అరచేత్తో దొప్పలా మూయాలి. వేళ్ళతో మూస్తే సందుల్లోంచి కనపడుతుంది, అరచేత్తో నొక్కితే తీశాక కాసేపు ఆ కన్ను మసకగానే ఉంటుంది. ఇప్పుడు వెనక్కి జరుగుతూ కుడికంటికి తిథులు ఎక్కడిదాకా చదవగలిగేలా ఉన్నాయో అక్కడ ఆగాలి. అక్కడే నిలబడి కన్ను మార్చాలి.

ఇక్కడ ఒక చిన్న మోసం ఉంది. కుడికన్ను ఇప్పుడే చదివిన గడినే ఎడమకంటికి ఇస్తే, అది చూడదు, గుర్తుచేసుకుంటుంది. మసగ్గా ఉన్న "విశాఖ" మీకు "విశాఖ"లాగే కనపడుతుంది, ఎందుకంటే అది విశాఖని మీకు ముందే తెలుసు. అందుకని ఒక్కో కంటికి ఒక్కో వరస ఇవ్వాలి. అసలు ఈ పని నెల మారిన రోజున, కొత్త కాగితం తిప్పగానే చేసుకుంటే మరీ మంచిది. ఆ నెల తిథులు ఇంకా ఎవరికీ నోటికి రావు, పైగా నెలకోసారి పరీక్ష అనే లెక్కా తప్పదు. చూడాల్సింది ఎంత సన్నక్షరం చదివామన్నది కాదు. రెండు కళ్ళకూ తేడా ఉందా, పోయిన నెలకూ ఈ నెలకూ తేడా వచ్చిందా, అంతే.

అంకెలు కావాలనుకునేవాళ్ళకు అంకెలు కూడా ఉన్నాయి. డచ్చి డాక్టరు హెర్మన్ స్నెల్లెన్ 1862లో అక్షరాల పటం తయారుచేశాడు. ఇవాళ్టికీ ఆస్పత్రి గోడల మీద ఉండేది దాని సంతానమే. సిక్స్ బై సిక్స్ అంటే 6 మీటర్ల దూరం నుంచి మామూలు కన్ను చదవగలిగినది మీరూ చదివారని. సిక్స్ బై ట్వెల్వ్ అంటే మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివేదానికి మీరు 6 మీటర్ల దాకా రావలసి వచ్చిందని. 6 మీటర్ల దగ్గర ఆ సిక్స్ బై సిక్స్ అక్షరం ఎత్తు సుమారు 8.7 మిల్లీమీటర్లు ఉండాలి. మన ఫ్లాట్లలో అంత పొడుగు గది ఎక్కడిది, 3 మీటర్లకైతే అందులో సగం ఉండాలి. వాట్సప్‌లో వచ్చిన పటాన్ని ప్రింటు తీయించి గోడకు అంటించేవాళ్ళు ముందు దాని మీద స్కేలు పెట్టి కొలవండి. కొలవకుండా అంటిస్తే అది గోడకు అలంకారమే. ఫోన్ తెర మీద చూసేదానికి ఆ మాత్రం భరోసా కూడా లేదు. ఒక్కో ఫోను ఒక్కో సైజు, పైగా వెలుగు ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు.

రెండో పరీక్ష గీతలది. పిల్లల గళ్ళ లెక్కల పుస్తకం తీసుకుని, పేజీ మధ్యలో పెన్నుతో చుక్క పెట్టి, దగ్గర చూపు జోడు పెట్టుకుని, సుమారు అడుగు దూరంలో పట్టుకుని, ఒక కంటితో ఆ చుక్కనే చూడాలి. చూపు చుక్క మీదే ఉండాలి, చుట్టూ ఉన్న గళ్ళు మాత్రం గమనించాలి. ఏ గీతైనా వంకరపోయినా, ఏ గడైనా చెరిగిపోయినట్టున్నా రెటీనా, అంటే కంటి వెనక వెలుగును పట్టే పొర, దాని నడిబొడ్డున ఏదో ఉందని అర్థం. దీన్ని కనిపెట్టింది స్విట్జర్లాండు డాక్టరు మార్క్ ఆమ్స్లర్. ఆయన పటం నలువైపులా 10 సెంటీమీటర్లు, ఒక్కో గడి 5 మిల్లీమీటర్లు, చూసే దూరం సుమారు 30 సెంటీమీటర్లు. వయసు మళ్ళినవాళ్ళకు ఆ నడిబొడ్డుకు వచ్చే మాక్యులా జబ్బులో ఒక రకం చాలా తొందరగా ముదురుతుంది. దానికి కంట్లో వేసే ఇంజెక్షన్లున్నాయి, అవీ ఎంత ముందు మొదలుపెడితే అంత చూపు నిలబడుతుంది. అందుకని అరవై దాటినవాళ్ళకు ఈ గళ్ళ కాగితం నిజంగా పనికొచ్చే సాధనం. పుస్తకం దొరక్కపోతే కిటికీ చువ్వలైనా, స్నానాలగది టైల్సు మధ్య గీతలైనా చూసుకోవచ్చు. ఒక కన్ను మూసినప్పుడు తలుపు దర్వాజా వంగినట్టు కనిపిస్తే మేస్త్రీని తిట్టుకునేముందు రెండో కంటితో కూడా చూడండి.

మూడోది అన్నిటికన్నా నాకు ఇష్టమైనది. పాత పెళ్ళి శుభలేఖ అట్టను గుండుసూదితో గుచ్చి, బెజ్జాన్ని మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా వెడల్పు చెయ్యాలి. మసగ్గా చూసే కంటికి దాన్ని ఆనించి అదే క్యాలెండరును చూడాలి. అక్షరం తేటపడితే ఆ మసకలో పెద్ద భాగం కళ్ళజోడు పవరుకు సంబంధించినది. తేటపడకపోతే జోడు మార్చినా లాభం ఉండకపోవచ్చు, తేడా కంటి లోపల ఉండే అవకాశం ఎక్కువ. కంటి డాక్టర్లు కూడా బెజ్జాలున్న నల్ల మూత ఒకటి పెట్టి చేసేది ఇదే. కళ్ళజోళ్ళ షాపుకు పోవాలా, డాక్టరు దగ్గరికి పోవాలా అన్న ప్రశ్నకు ఒక గుండుసూది ఇంత జవాబు చెబుతుంది.

ఆ షాపుల సంగతి కూడా చెప్పుకోవాలి. అరండల్‌పేటలో చూసినా, బెజవాడ బీసెంట్ రోడ్డులో చూసినా "కంప్యూటర్ కంటి పరీక్ష ఉచితం" అని బోర్డు ఉంటుంది. గడ్డం ఆనించి కూర్చుంటే లోపల రోడ్డు చివర గాలిబెలూన్ ఒకటి మసకేసి, మళ్ళీ తేటపడుతుంది. టిక్కుమని చీటీ బయటికొస్తుంది. ఆ యంత్రం తన పని బాగానే చేస్తుంది, నాకు దాంతో పేచీ లేదు. అది కొలిచేది వెలుగు కంట్లో ఎక్కడ కేంద్రీకరిస్తుందో, దానికి ఎంత పవరు అద్దం కావాలో మాత్రమే. కంటి నరాన్ని చూడదు, రెటీనాను చూడదు, కంటి ఒత్తిడిని కొలవదు. కానీ ఆ చీటీ జేబులో పెట్టుకున్నవాడు "కంప్యూటర్లో చూపించానండీ, అంతా బాగుందన్నారు" అని ఇంకో అయిదేళ్ళు ఆస్పత్రి ఊసెత్తడు. ఉచితంగా వచ్చిన ఆ ధైర్యమే నాకు భయం.

ఎందుకు భయమో చెప్పాలంటే ఇంకో చిన్న ఆట ఆడాలి. గీతల కాగితం మీద ఒక గీత పట్టుకుని ఎడమ పక్క కూడిక గుర్తు, దానికి కుడివైపు 10 సెంటీమీటర్ల దూరంలో కందిగింజంత నల్లచుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడికంటితో కూడిక గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరికీ దూరానికీ జరపండి. ముఖానికి 35, 40 సెంటీమీటర్ల మధ్య ఎక్కడో చుక్క మాయమవుతుంది. కంటి నరం రెటీనాలోంచి బయటికి వెళ్ళేచోట వెలుగును పట్టే కణాలు లేవు. ఆ గుడ్డిచోటు అందరికీ ఉంది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మ్ మారియోట్ 1660ల్లోనే దీన్ని పట్టుకున్నాడు. అయితే వింత అది కాదు. చుక్క పోయినచోట మీకు నల్లగా కనపడదు, ఖాళీగానూ కనపడదు. గీత కనిపిస్తుంది! చుక్క లేనే లేదన్నట్టు గీత ఆ చోటు మీదుగా సాఫీగా సాగిపోతుంది. చిరిగిన చీరకు నేర్పుగా రఫూ చేసినట్టు, చుట్టుపక్కల ఉన్న పోగులతోనే మెదడు ఆ చిల్లిని పూడ్చేసింది.

నీటికాసుల జబ్బు, అదే గ్లాకోమా, ఇలాంటి చిల్లులే ఒక్కొక్కటిగా పెడుతుంది. కంటి నరంలోని పోగులు చచ్చిపోతుంటాయి. ముందు పక్కచూపు పోతుంది, నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది. పోయినచోటల్లా మెదడు రఫూ చేస్తూ పోతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. ఒక కంట్లో పోయింది రెండో కన్ను చూస్తుంది. గోడ మీద పటంలో ఆఖరి వరస చదివి సిక్స్ బై సిక్స్ తెచ్చుకున్నవాడికి కూడా నీటికాసులు బాగా ముదిరి ఉండొచ్చు. నా క్యాలెండరూ, గళ్ళ పుస్తకమూ, గుండుసూదీ దీని ముందు దండగ. పోయిన చూపు మందుతో రాదు, ఆపరేషనుతో రాదు. మిగిలింది కాపాడుకోవడమే.

ఇది నా ఊహ కాదు. 1996 నుంచి 2000 దాకా ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ వాళ్ళు హైదరాబాదులోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లోనూ పదివేలమందికి పైగా కళ్ళు పరీక్ష చేశారు. నీటికాసులు ఉన్నట్టు తేలినవాళ్ళలో అత్యధికులకు ఆ జబ్బు ఉందని అప్పటిదాకా తెలియనే తెలియదు. వాళ్ళంతా "బాగానే కనిపిస్తోంది" అనుకుంటూ తిరుగుతున్నవాళ్ళే.

కనిపించడం మెరుగైనా అనుమానించాల్సిన సందర్భం కూడా ఒకటి ఉంది. బ్రాడీపేటలో ఉండే మా పిన్ని డెబ్బై దగ్గర పడ్డాక జోడు పక్కన పడేసింది. పేపరు జోడు లేకుండానే చదువుతోంది. నేను వెళ్తే సూదీ దారం తెచ్చి మరీ చూపించింది.

"చూశావట్రా, నీకంటే నా కళ్ళే నయం. అంతా మునగాకు మహిమ."

"దూరం ఎలా ఉంది పిన్నీ?"

"దూరం ఎవడిక్కావాలి? టీవీ దగ్గరికి కుర్చీ జరుపుకున్నాగా."

పక్కింటివాళ్ళు అప్పటికే మునగాకు వండుకోవడం మొదలుపెట్టారు. అసలు జరిగింది వేరు. కంటిలోని సహజమైన లెన్సు మధ్యభాగం వయసుతో గట్టిపడి చిక్కనైతే వెలుగును ఎక్కువగా వంచుతుంది. కంటికి మైనస్ పవరు వస్తుంది. దాంతో దగ్గరిది జోడు లేకుండా కనపడుతుంది, దూరం మసకవుతుంది. శుక్లం మొదలైందనడానికి ఇదొక గుర్తు. కొన్నాళ్ళకు దగ్గరిది కూడా పోతుంది. పిన్నికి ఈ మాట చెబితే "పొర ముదరనీ, అప్పుడు తీయించుకుందాం" అంది. అది పాత ఆపరేషన్ల రోజుల మాట. ఇప్పుడు చిన్న కోత పెట్టి, లోపలే లెన్సును ముక్కలు చేసి తీసి కొత్తది పెడుతున్నారు. ముదరబెట్టుకుంటే లెన్సు రాయిలా గట్టిపడి ఆ పనే కష్టమవుతుంది. రోజువారీ పనులకు అడ్డం వస్తోందంటే చేయించుకునే సమయం వచ్చినట్టే. పిన్ని చేయించుకుంది, మునగాకు మాత్రం మానలేదు, మానక్కర్లేదు కూడా.

ఘడియకో పవరు మారుతోందంటే షుగరు పరీక్ష చేయించుకోవాలి. రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు లెన్సు ఉబ్బి పవరు మారిపోతుంది, తగ్గాక మళ్ళీ వెనక్కొస్తుంది. ఆ మధ్యలో కొన్న కళ్ళజోడు బీరువాలోకే. షుగరు ఉందని తేలినవాళ్ళ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండే టైప్ 2 అయితే జబ్బు తేలిన రోజు నుంచే ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి, చూపు ఎంత శుభ్రంగా ఉన్నా సరే. రెటీనాలో రక్తనాళాలు కారడం మొదలైన చాలాకాలం దాకా చూపు తగ్గదు. తగ్గిందనిపించే సరికి జబ్బు ముందుకెళ్ళిపోయి ఉంటుంది. ఇక్కడ కూడా ఇంటి పరీక్ష పనికిరాదు.

పిల్లల విషయంలో పనికొస్తుంది, బాగా పనికొస్తుంది. ఎందుకంటే పిల్లలు చెప్పరు. పుట్టినప్పటి నుంచీ మసగ్గా చూసేవాడికి మసక అనేది ఒకటుందని తెలియదు. ఆటలాడిస్తూ ఒక్కో కన్నూ మూసి చూడండి. ఒక కన్ను మూస్తే ఊరుకుని, రెండోది మూస్తే చెయ్యి తోసేసి ఏడిస్తే అనుమానించాలి. ఆ తెరిచి ఉన్న కన్నుకు సరిగ్గా కనపడటం లేదేమో. ఏడెనిమిదేళ్ళ లోపు పట్టుకుంటే అలాంటి కంటికి పని నేర్పించడం తేలిక, తర్వాత కష్టం. ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో ఒక కంటిపాప ఎర్రగా, ఇంకోటి తెల్లగా పడితే కెమెరా తప్పనుకోకండి, వెంటనే చూపించండి. అరుదైనదే గానీ ప్రాణం మీదికొచ్చే కంటి క్యాన్సరు ఆ తెల్లదనం వెనక ఉండొచ్చు. మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న కంటి వెలుగు పథకం మొదలుపెట్టినప్పుడు ముందు బడిపిల్లలకు పరీక్షలు చేశారు. రాజకీయం ఏదైనా ఆ వరస సరైనది. సైట్ రాకుండా ఉండాలంటే పిల్లలు పగటి వెలుగులో రోజూ రెండు గంటలైనా బయట ఉండాలని కంటి డాక్టర్లు చెబుతున్నారు. తెల్లవారుజాము స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే మన గుంటూరు, బెజవాడ హాస్టళ్ళలో ఆ రెండు గంటలు ఎవరిస్తారు? తల్లిదండ్రులు ఫీజు గురించి అడిగినంత గట్టిగా ఇది కూడా అడగాలి.

ఇంకో మాట. వేసవిలో కళ్ళు దురదపెడుతున్నాయని మందుల షాపులో చుక్కల మందు కొని పోసే అలవాటు మనకుంది. వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, అందుకే మళ్ళీ అదే కొంటాం. నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరిగి ఇందాక చెప్పిన నీటికాసులే రావచ్చు, శుక్లాలు కూడా. డాక్టరు రాసినన్ని రోజులే పోయాలి, పాత సీసా పక్కింటికి ఇవ్వకూడదు.

పరీక్షలూ క్యాలెండర్లూ పక్కన పడేసి అప్పటికప్పుడు పరుగెత్తాల్సినవి కొన్నున్నాయి. ఉన్నట్టుండి కంట్లో మెరుపులు మెరవడం, నల్లటి దోమలు గుంపుగా ఎగిరినట్టుండటం, పక్కనుంచి తెర దిగినట్టుండటం రెటీనా ఊడుతోందనడానికి గుర్తులు. నొప్పి లేదు కదా అని సోమవారం దాకా ఆగకూడదు. ఒక్కసారిగా చూపు పోవడం కూడా అంతే, కాసేపట్లో తిరిగొచ్చినా సరే. కన్ను ఎర్రబడి, తలపోటు, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు ఉంటే అది పైత్యం కాదు, గ్యాస్ కాదు. కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిపోయింది. సెలైన్ ఎక్కించే చోటికి కాదు, కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఇవేవీ లేనివాళ్ళు, నలభై దాటినవాళ్ళు, ఒకసారి పూర్తి పరీక్ష చేయించుకోవాలి. దగ్గరి చూపు అద్దాలు ఎలాగూ కావాలి కాబట్టి ఆ సాకుతోనే వెళ్ళండి. షాపుకు కాకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి, అంతే తేడా. మన రెండూళ్ళవాళ్ళకు దూరం అనే సాకు లేదు. బెజవాడ పక్కన తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ ఉంది, గుంటూరు పక్కన పెదకాకానిలో శంకర కంటి ఆస్పత్రి ఉంది, గుంటూరు ప్రభుత్వాస్పత్రి జీజీహెచ్ ఉండనే ఉంది. ఎక్కడికెళ్ళినా రెండే ప్రశ్నలు అడగండి. "ప్రెషర్ చూస్తారా? చుక్కలు వేసి నరమూ, రెటీనా చూస్తారా?" ప్రెషర్ అంటే బీపీ కాదు, కంటిది. సాధారణంగా 10 నుంచి 21 పాదరస మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కానీ అంతలోపే ఉండి కూడా నరం పాడయ్యేవాళ్ళున్నారు, అందుకే నరాన్ని కూడా చూడాలి.

చుక్కలు వేశాక కంటిపాప పెద్దదై కొన్ని గంటలు దగ్గరిది కనపడదు, ఎండ చూడలేం. చాలామంది తప్పించుకునేది ఈ ఇబ్బందికి జడిసే. బండి ఇంట్లో పెట్టి ఆటోలో వెళ్ళండి, నల్లద్దాలు తీసుకెళ్ళండి, ఆ రోజు లెక్కలూ సంతకాలూ పెట్టుకోకండి. పాత కళ్ళజోడు, పాత చీటీలు, వాడే మందుల పేర్లు వెంట ఉంచుకోండి. నీటికాసులని తేలితే ఇంటికి రాగానే చెయ్యాల్సిన పని అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ఫోన్ చెయ్యడం. ఆ జబ్బు ఒకరికి ఉంటే తోడబుట్టినవాళ్ళకు వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా చాలా ఎక్కువ. "నాకు బాగానే కనిపిస్తోంది అన్నయ్యా" అంటారు. అయినా తీసుకెళ్ళండి.